రెండువేల పైన గడి

ఏప్రిల్ 7, సోమవారం

భీమవరం చేరాను. మూడు నెలల డెప్యుటేషన్. శిక్షకి మా గణాంకాల ఆఫీసువాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు అది.

నేను చేసిన నేరం ఇక్కడ రాసుకుంటాను, ఇంకెక్కడా రాయనివ్వరు కనక. పోయిన నెల రాజమండ్రి మీటింగులో మా పైఅధికారి మహేంద్ర గారు వరి దిగుబడుల పట్టికని తెర మీద వేశారు. ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయో దాన్నిబట్టి రైతుల్ని మూడు తరగతులు చేశారు: 0–10, 10–20, 20–50. మొదటి రెండూ పదేసి, మూడోది ఏకంగా ముప్ఫై. రైతులందరూ ఆ మూడో గడిలో పడి, జిల్లా అంతా విరగపండినట్టు కనిపిస్తోంది. ఇరవై రెండు బస్తాలవాడూ నలభై ఎనిమిది బస్తాలవాడూ ఒకే గడిలో భుజాలు రాసుకుంటున్నారు. నా నోరు ఊరుకోలేదు. "ఇలాంటి పట్టిక తొమ్మిదో క్లాసు కుర్రాడు కూడా వెయ్యడండి" అన్నాను. అరవైమంది విన్నారు. ఆయనకి ముప్ఫై ఎనిమిదేళ్ళు, నాకు యాభై నాలుగు. ఆయన నవ్వి ఊరుకున్నారు. పదోరోజున నా చేతికి ఈ ఆర్డరు వచ్చింది.

ఇక్కడ ఆఫీసులో టీ పెట్టే ఆవిడ పేరు లోవమ్మ. తెచ్చిన టీలో పాలు విరిగి తరకలు తేలుతున్నాయి. కిటికీలోంచి పారబోశాను. ధవళేశ్వరం నుంచి ఐదేసి లీటర్ల క్యాన్లు రెండు తెచ్చుకోవడం ఎంత మంచిదైందో. నిడదవోలులో రైలు మారుతుంటే ఒకతను నూనె అమ్ముతారా అని అడిగాడు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఈ ఊరి నీళ్ళు నా వల్ల కాదు.

ఏప్రిల్ 9, బుధవారం

పని ఇచ్చారు. తాళ్ళమెరక అనే ఊళ్ళో రెండువందల పద్నాలుగు ఇళ్ళ బోరునీళ్ళు పరీక్ష చేశారు. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయన్నది లెక్క. చుట్టూ రొయ్యల చెరువులు కదా, ఉప్పదనం ఎక్కువ. ఏ వీధిలో పది ఇళ్ళకి పైగా రెండువేలు దాటితే ఆ వీధికి ఈ ఏడాదే మంచినీళ్ళ పైపులైను. నేను వీధులవారీగా పట్టిక వెయ్యాలి. ఆ పట్టిక చూసి జాబితా తయారవుతుంది.

అంకెలు తెచ్చింది సాయిదుర్గ అనే అమ్మాయి, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. ఆ ఫైలు చూస్తే నవ్వొచ్చింది. చెరువుగట్టు వీధిలో ఇరవై మూడు ఇళ్ళుంటే ఇరవై మూడింటికీ ఒకటే అంకె: 1999. చెప్పుల షాపులో రేటులాగా. ఫ్యాను కింద కూచుని పై నుంచి కిందికి లాగేసింది. ఈ తరం అంకెలు ఇలాగే పుడతాయి.

పక్కన రిమార్క్స్ కాలమ్ ఒకటి, దాన్నిండా రాతలు. మొదటిది చదివాను: "కుక్క కట్టేసి లేదు. రెండోసారి వెళ్ళాను." అంకెల పక్కన ఈ సోది ఏంటి? కాలమ్ మొత్తం తీసేశాను. ఫైలు ఎంత శుభ్రంగా ఉందో ఇప్పుడు.

ఏప్రిల్ 10, గురువారం

ఇవాళ మనసు బాగుంది. కనిష్ఠం 212, గరిష్ఠం 1999. మధ్య దూరం 1787. రెండువందల పద్నాలుగు ఇళ్ళకి సూత్రం ప్రకారం తొమ్మిది తరగతులు రావాలి. తొమ్మిదితో భాగిస్తే నూటతొంభై ఎనిమిది చిల్లర. సర్దితే రెండువందలు. 200 దగ్గర మొదలుపెట్టి తొమ్మిది అడుగులు వేస్తే సరిగ్గా 2000 దగ్గర ఆగింది. ఒక్క గడీ ఖాళీ లేదు, ఒక్క అంకె కూడా బయట లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. ఇక్కడ చూపించడానికి మనిషి లేడు.

మా ఆవిడ సూర్యకళకి ఫోన్ చేసి చెప్పాను. "అన్నం తిన్నారా" అంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

టీ పారబోస్తుంటే లోవమ్మ చూసింది. నేనేమీ అడక్కుండానే చెప్పింది. ఆవిడది తాళ్ళమెరకేనట, చెరువుగట్టు వీధేనట. ఆఫీసు కుళాయి రాని రోజున ఇంటి దగ్గర నుంచి నీళ్ళు తెస్తుందట, అందుకే పాలు విరుగుతాయట. వాళ్ళింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పప్పు ఉడకదట, గింజ గింజగానే ఉంటుందట. తాగడానికి పొద్దున్నే ఐస్ ఫ్యాక్టరీ దాకా వెళ్ళి రెండు బిందెలు మోసుకొస్తుంది. రానూ పోనూ మూడు కిలోమీటర్లు. కుడిభుజం పైకి లేవడం లేదని ఎడమచేత్తో గ్లాసు అందించింది.

పప్పు ఉడకకపోవడం డేటా కాదని చెప్పాను. "ఆయ్" అంది.

ఏప్రిల్ 12, శనివారం

ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 16, బుధవారం

నీళ్ళ శాఖ డీఈ గున్నేశ్వరరావుతో గంటన్నర. మనిషి నిలువెల్లా సఫారీ డ్రెస్సు, లోపల ఖాళీ. ఆయన నమూనాలో మూడే తరగతులు: ఐదువందల లోపు పచ్చ, ఐదువందల నుంచి రెండువేలు పసుపు, "రెండువేల పైన" ఎరుపు. ట్రాఫిక్ లైటుకీ పట్టికకీ తేడా తెలియదు. ఆరువందలవాడూ పంతొమ్మిదివందలవాడూ ఒకే గడిలో పడితే ఏమైపోవాలి అంటే, "పసుపండి, బాగానే ఉంటారు" అన్నాడు.

ఆ చివరి గడి మీద అసలు యుద్ధం. "రెండువేల పైన" అంటే ఎంత పైన? రెండువేల ఒకటా, పదివేలా? పై హద్దు లేని తరగతికి మధ్యవిలువ ఉండదు, మధ్యవిలువ లేకపోతే సగటు కట్టలేం. కొలవడానికి బద్ధకం వేసినవాడు "ఆ పైన" అని రాసి చేతులు దులుపుకుంటాడు. పైగా మన డేటాలో రెండువేలు దాటిన ఇల్లు ఒక్కటీ లేదు. ఖాళీ గడి దేనికి?

గున్నేశ్వరరావు తల గోక్కున్నాడు. "ఖాళీగా ఉంటే ఉందిలెండి శివరామకృష్ణ గారూ, గడేకదా, తిండి పెట్టాలా" అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను బోర్డు మీద సగటు కట్టి చూపించాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. గడి తీసేశారు. నా తొమ్మిది తరగతులే ఖాయం.

చెరువుగట్టు వీధి 1800–2000 గడిలో కూచుంది. రెండువేలు వస్తే తరవాతి గడి, 1999 కనక లోపలే. నియమం నియమమే.

ఏప్రిల్ 17, గురువారం

సాయిదుర్గకి మెమో తయారుచేసి గున్నేశ్వరరావు చేత సంతకం పెట్టించాను. ఒకే అంకె ఇరవై మూడుసార్లు ఎలా వచ్చిందో సంజాయిషీ ఇవ్వమని. మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతు వణకలేదు, అది నాకు నచ్చలేదు.

"సార్, రిమార్క్స్ చూశారాండి?"

చూశానన్నాను. చూశాను కదా, ఒకటి.

"అయితే సరేనండి" అని పెట్టేసింది. సంజాయిషీ కూడా ఒక్క లైనే పంపింది: "వివరాలు రిమార్క్సులో రాశాను." పొగరు.

ఏప్రిల్ 20, ఆదివారం, ధవళేశ్వరం

క్యాన్లు నింపుకున్నాను. ఈసారి మూడు. సూర్యకళ మూతలు బిగిస్తూ, అక్కడివాళ్ళు ఏం తాగుతారండీ అని అడిగింది. అలవాటైపోతుందని చెప్పాను. మరి మీకెందుకు అలవాటు కాలేదు అంది. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి లేచాను. నిజానికి సరిగ్గానే ఉంది.

ఏప్రిల్ 29, మంగళవారం

జాబితా వచ్చింది. పైపులైను పక్క మండలంలో రెండు వీధులకి. తాళ్ళమెరకలో ఒక్క వీధీ లేదు. పైన జాయింట్ మీటింగులో మా పట్టిక చాలా స్పష్టంగా ఉందని మెచ్చుకున్నారట. గున్నేశ్వరరావు వచ్చి ఆ మాట నాకు చెప్పి, లడ్డు పెట్టి మరీ వెళ్ళాడు. తన మూడు రంగులు పోయినందుకు ఏడవాల్సిన మనిషి. సిగ్గులేనివాళ్ళతో ఇదే హాయి.

ఏప్రిల్ 30, బుధవారం

లోవమ్మ ఆ పట్టిక చూపించమంది. ఎవరు చెప్పారో. కంప్యూటరులో తీసి చూపించాను. చదువుకున్న మనిషి కాదు, కానీ అంకెలు తెలుసు. వేలు పెట్టి వరస వెంబడి వచ్చి చివర ఆగింది.

"మా వీధి ఇదేనాండి?"

ఔనన్నాను.

"దీని తరవాత గడి లేదాండి?"

అవసరం రాలేదని చెప్పాను.

"మేం అక్కడ ఉంటామండి" అని గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

చదువు రానివాళ్ళతో పట్టికల గురించి మాట్లాడితే ఇదే. పట్టిక అంటే ఇల్లు అనుకుంటారు, పక్కన ఒక గది వేసుకుంటే పోలా అన్నట్టు. ఈ మాట ఎందుకు మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోందో తెలియదు.

మే 2, శుక్రవారం

ఆవిడ అనుమానం తీర్చేద్దామని స్టోరులోంచి సర్వేలో వాడిన మీటరే తెప్పించాను. కలంలా ఉంటుంది, నీళ్ళలో ముంచితే అంకె చూపిస్తుంది. లోవమ్మ ఇంటి నుంచి తెచ్చిన నీళ్ళు గ్లాసులో పోయించి, అందరూ చూస్తుండగా ముంచాను. 1740 అనో 1820 అనో వస్తుంది, ఆవిడ నోరు మూతపడుతుంది, సాయిదుర్గ బద్ధకం బయటపడుతుంది, ఒకే దెబ్బకి రెండు పనులు.

ఎడమపక్కన "1" అని పడింది. మిగతాదంతా ఖాళీ.

బ్యాటరీ అయిపోయిందన్నాను. కొత్తది వేశాను. మళ్ళీ "1", మళ్ళీ ఖాళీ. నా క్యాన్లో నీళ్ళు పోసి ముంచాను: 168. తుడిచి మళ్ళీ ఆవిడ గ్లాసులో: "1".

మీటరు పాడైందని చెప్పి పంపించేశాను. లోవమ్మ ఆ గ్లాసులో నీళ్ళే తీసుకెళ్ళి టీ పెట్టినట్టుంది. పాలు విరిగాయి.

మే 3, శనివారం

మీటరు పెట్టెలో చిన్న కాగితం ఉంది, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాలు. ఇది 1999 వరకే చూపిస్తుంది. దాటితే ఎడమపక్కన 1 వేసి ఊరుకుంటుంది.

తప్పు కొన్నవాళ్ళది. ఉప్పు భూముల్లోకి ఇలాంటి చవక మీటరు కొనేవాణ్ణి ఏమనాలి?

మే 5, సోమవారం

మెయిల్లో పాత ఫైలు ఉంది, నేను తీసెయ్యకముందుది. పొద్దున్న తెరుద్దామనుకున్నాను, వేరే పనుందని తెరవలేదు. వేరే పనేమీ లేదు.

మే 6, మంగళవారం

తెరిచాను.

చెరువుగట్టు వీధికి ఇరవై మూడు రిమార్కులు. "మీటరు 1 చూపి ఆగింది. 1999 దాటింది. అంకెల కాలమ్‌లో మాటలు రాయకూడదన్నారు కనక చివరి అంకె వేశాను." రెండో ఇంటి దగ్గర మళ్ళీ అదే. మూడో ఇంటి దగ్గర మళ్ళీ అదే. కాపీ కొట్టినట్టు లేదు, ఒక్కోచోట ఒక్కో రకంగా రాసింది. ఒక దగ్గర "బ్యాటరీ మార్చి చూశాను." ఒక దగ్గర "ఇంటావిడ పప్పు ఉడకదని చెప్పారు." పన్నెండో ఇంట్లో "నీళ్ళు నోట్లో వేసుకున్నాను, ఉప్పు." ఆఖరి ఇంటి దగ్గర: "ఈ వీధికి పెద్ద మీటరుతో మళ్ళీ చూడాలి. దయచేసి గమనించగలరు."

అంకెల కాలమ్‌లో మాటలు రాయకూడదన్నది ఆఫీసు నిబంధన. కాబట్టి తప్పు నిబంధనది. మీటరుది. నమూనాది.

లేదు. నమూనాలో "రెండువేల పైన" గడి ఉంది. గున్నేశ్వరరావు వేశాడు. గంటన్నర పోట్లాడి దాన్ని పీకించింది నేను. ఆ సఫారీ మనిషి ఉంచమన్నాడు. ఆ గడి ఉండుంటే కనీసం ఎవడో ఒకడు ఇదెందుకు ఖాళీగా ఉంది అని అడిగేవాడు. నేను ఆ అడిగే దారి కూడా మూసేసి, పైగా సగటు కట్టాను. 1900 మధ్యవిలువట. ఎవరి మధ్యవిలువ? ఇరవై మూడు ఇళ్ళలో ఒక్క ఇంట్లోనూ అలాంటి నీళ్ళు లేవు.

మహేంద్ర గారు మూడో గడిని సాగదీసి రైతుల్ని దాచారు. నేను ఆఖరి గడిని కోసేసి ఒక వీధిని దాచాను. నాది చూడ్డానికి అందంగా ఉంది, అంతే తేడా.

మే 9, శుక్రవారం

మొన్న చెరువుగట్టు వీధి నీళ్ళు ఇరవై మూడు సీసాలు ల్యాబుకి పంపించాను. ఫలితాలు వచ్చాయి. అన్నిటికన్నా తక్కువ 2310. అన్నిటికన్నా ఎక్కువ 4460. లోవమ్మ ఇల్లు 3870.

గున్నేశ్వరరావుకి చూపించాను. ఎగతాళి చేస్తాడని సిద్ధపడే వెళ్ళాను. కాగితం రెండుసార్లు చదివి, "అయ్యో, జాబితా వెళ్ళిపోయిందేనండి" అన్నాడు. ఎగతాళి చేసినా బాగుండేది.

జాబితా ఈ నెల పదిహేను వరకు మార్చొచ్చట. ఆ తరవాత వచ్చే ఏడాదే. రెండు జిల్లాల జాబితా మీద సంతకం పెట్టేది ఒక్కరే. మహేంద్ర గారు.

మే 10, శనివారం

మెయిలు పంపిస్తే సరిపోతుంది.

మే 11, ఆదివారం, ధవళేశ్వరం

మెయిలు నాలుగుసార్లు రాశాను. మొదటిదాంట్లో తప్పు మీటరుది. రెండోదాంట్లో క్షేత్రస్థాయి సిబ్బందిది. మూడోదాంట్లో "సాంకేతిక కారణాల వల్ల". నాలుగోది సూర్యకళ చదివింది. ఇందులో మీరెక్కడున్నారండీ అంది. తుడిపేశాను.

లోవమ్మ ఈపాటికి రెండో బిందె దింపి ఉంటుంది.

మే 12, సోమవారం

రాజమండ్రి వెళ్ళాను. గంటసేపు బయట కూచోబెట్టారు. కావాలనే అనుకున్నాను, తరవాత తెలిసింది లోపల నిజంగానే మీటింగని. నా నోటికి అలవాటైన మాటల్లో ఒక్కటీ అక్కర్లేకుండా పోయింది.

నిలబడే చెప్పాను. మీటరు 1999 దగ్గర ఆగిందని. ఆ అమ్మాయి రిమార్క్సులో ఇరవై మూడుసార్లు రాసిందని. నేను ఆ కాలమ్ తీసేశానని, ఆపైన ఆఖరి గడీ తీయించానని, ఆమెకి మెమో కూడా ఇప్పించానని. రెండు పట్టికలూ బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"శివరామకృష్ణ గారూ, ఇదే పని తొమ్మిదో క్లాసు కుర్రాడికి ఇస్తే ఏం చేసుండేవాడండి?"

ఆ మాట ఆయన మర్చిపోయి ఉంటారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మంచి జవాబులు నాలుగైదు నోటిదాకా వచ్చాయి. ముప్ఫై ఏళ్ళ అనుభవం కదా.

"రిమార్క్స్ చదివుండేవాడండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఫైలు తెప్పించి, చెరువుగట్టు వీధి పేరు తన చేత్తో రాసి, సంతకం పెట్టారు. మిగతా ఊళ్ళలో కూడా ఇదే మీటరు వాడారా అని అడిగారు. పదకొండు ఊళ్ళలో వాడారు. అన్నీ మళ్ళీ కొలవాలి, ఎవరు వెళ్తారు అన్నారు. గదిలో ఉన్నది మేమిద్దరమే. నా డెప్యుటేషన్ ఇంకో ఆరు నెలలు పెరిగింది.

నిడదవోలులో రైలు మారేటప్పుడు చూసుకుంటే చేతిలో క్యాన్లు లేవు. నింపడం మర్చిపోయాను.

మే 14, బుధవారం

కొత్త పట్టిక వెళ్ళింది. పది గళ్ళు. చివరిది "రెండువేల పైన", అందులో 23. కింద నేనే రాశాను: "పై హద్దు లేని తరగతి ఉన్నందున సగటు లెక్కకట్టలేదు." నా సంతకం కింద ఆ వాక్యం ఉండాల్సి వస్తుందని ఎవరైనా చెప్పుంటే వాణ్ణి తిట్టిపోసేవాణ్ణి.

లోవమ్మకి చెప్పాను. పైపు వానలు తగ్గాక వేస్తారని కూడా చెప్పాను. "అప్పటిదాకా మొయ్యాలి కదండి" అంది. కృతజ్ఞత చెబుతుందని నేనెందుకు అనుకున్నానో.

మే 16, శుక్రవారం

మెమో రద్దు కాగితం నేనే తీసుకెళ్ళి సాయిదుర్గకి ఇచ్చాను. తప్పు నాదని చెప్పాను. ఆమె కాగితం చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది. పర్వాలేదండి అనలేదు. అననందుకు నాకు కోపం రాలేదు, వచ్చుంటే బాగుండేది, అలవాటైన పని.

"ఈసారి రిమార్క్స్ కాలమ్ ఉంటుందాండి?" అని మాత్రం అడిగింది.

మే 19, సోమవారం

కొత్త మీటర్లు వచ్చాయి. సర్వే మొదలు. నాకు తెలిసిన పద్ధతిలో నేను ముందు, ఆమె వెనక అన్నట్టు వెళ్ళబోయాను. సార్, ఈ వీధి మీరు, ఆ వీధి నేను అని పంచేసింది. ఎండ నలభై దాటింది. రెండిళ్ళలో తాగమని నీళ్ళిచ్చారు. మొదటి ఇంట్లో వద్దన్నాను. రెండో ఇంట్లో తాగాను. కొలిచాక తెలిసింది, 2940. ఆ అంకె నాలుక మీద ఎలా ఉంటుందో ముప్ఫై ఏళ్ళలో ఇవాళే తెలిసింది.

సాయంత్రానికి ఆమె ముప్ఫై ఒక్క ఇళ్ళు, నేను పదిహేడు. పద్దెనిమిదో ఇల్లు రేపు రాద్దామనుకున్నాను. ఆమె అటు చూస్తోందని మళ్ళీ వెళ్ళాను. అంకె వేసి, పక్క కాలమ్‌లో రాశాను:

కుక్క కట్టేసి లేదు. రెండోసారి వెళ్ళాను.